జీవితం మొత్తానికి ఒకే స్ప్రెడ్: టారోకి వేసినట్టే లెనార్మాండ్‌కీ వెయ్యొచ్చా?

కప్పులరాణి:
అందరికీ నమస్కారం. ఒక ఏడాదికో ఒక ఉద్యోగానికో కాకుండా, మనిషి జీవితం మొత్తాన్ని ఒకసారి పరిచి చూడ్డానికి ఒక స్ప్రెడ్ (కార్డులు ఏ స్థానంలో దేనికోసం పరచాలన్న అమరిక) తయారు చేసుకున్నాను. 21 కార్డులు, అడ్డంగా మూడు వరసలు, వరసకి ఏడు. పై వరస గడిచిపోయినది, మధ్య వరస ఇప్పుడు నడుస్తున్నది, కింది వరస రాబోయేది. నిలువుగా చూస్తే ఏడు విషయాలు: ఇల్లు, పని, ప్రేమ, డబ్బు, ఆరోగ్యం, స్నేహాలు, మనసు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. తీరా టారోతో (78 బొమ్మ కార్డుల జోస్యం కట్ట) వేస్తే మొదటి వరస హుషారుగా నడుస్తుంది, రెండో వరస సగానికి వచ్చేసరికి చెప్పిందే చెబుతున్నట్టు అనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఫోన్ చూసుకోవడం మొదలుపెడతారు. తేడా స్ప్రెడ్‌లో ఉందా, చదవడంలో ఉందా? ఇంకో సంగతి, ఇవే గడుల్లో లెనార్మాండ్ (36 కార్డుల ఇంకో జోస్యం కట్ట) కూడా వేసి చూద్దామని ఉంది. ఎవరైనా చేసుంటే చెప్పండి. మొహమాటం అక్కర్లేదు.

పాతకట్ట:
అక్కర్లేదన్నారు కాబట్టి చెబుతున్నాను. మీ గడుల్లో ఉన్నవి శీర్షికలు, ప్రశ్నలు కావు. "డబ్బు, గడిచిపోయినది" అన్న గడిలో సిక్స్ ఆఫ్ కప్స్ పడిందనుకోండి. ఏం చెబుతారు? చిన్నప్పుడు డబ్బు విషయంలో తీపి జ్ఞాపకాలు ఉన్నాయి అని ఏదో అతికించి పక్క గడికి జరిగిపోతారు. గడి ఏమీ అడగలేదు, అందుకే కార్డు ఏదో ఒకటి చెప్పి ఊరుకుంది. ఇలా ఇరవై ఒక్కసార్లు జరిగితే ఎవరైనా ఫోన్ తీస్తారు.

అదే గడికి "డబ్బు గురించి ఎవరూ నోటితో చెప్పకుండానే మీ ఇంట్లో మీరు నేర్చుకున్నది ఏమిటి" అని రాసి చూడండి. ఇప్పుడు అదే సిక్స్ ఆఫ్ కప్స్. బొమ్మలో కొంచెం పెద్ద పిల్లవాడు చిన్నపిల్లకి పూలున్న కప్పు అందిస్తుంటాడు. అంటే ఈ మనిషికి డబ్బు అంటే దాచేది కాదు, ఇచ్చేది. ఇస్తేనే తనని ప్రేమిస్తారు అని నేర్చుకుని ఉండొచ్చు. అది నిజమో కాదో ఎదుటివాళ్ళు చెబుతారు, అక్కడినుంచి మాట సాగుతుంది.

ఏ స్థానమైనా ఖాయం చేసేముందు నేను కట్టలోంచి కావాలనే ఐదు కార్డులు తీసి అందులో ఒక్కొక్కటీ పెట్టి చూస్తాను: టవర్, సన్, హెర్మిట్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్, పేజ్ ఆఫ్ పెంటకిల్స్. "మీకు అడ్డుపడుతున్నది" అన్నచోట సన్ వచ్చిందనుకోండి, అడ్డేమీ లేదు అని చెప్పి దాటేస్తే ఆ స్థానం దండగ. ఎప్పుడూ వెలుగుతూ నవ్వుతూ కనబడాల్సి రావడమే అడ్డు అని చెప్పగలిగితే స్థానం నిలబడ్డట్టు. "మీ బలం" అన్నచోట టెన్ ఆఫ్ స్వోర్డ్స్ పెట్టినా నోరు పెగలాలి. ఐదింట్లో రెండింటికి మాట రాకపోతే కార్డుల్ని తిట్టుకోకుండా ప్రశ్న మార్చుకోవాలి.

లంగరు35:
పాతకట్టగారు చెప్పింది టారో వరకు బంగారం. లెనార్మాండ్ దగ్గర మాత్రం ఆగండి రాణిగారూ, దయచేసి అవే గడుల్లో వెయ్యకండి. టారోలో ఒక్క కార్డే ఒక దృశ్యం, దానికి స్థానం ఒక ప్రశ్న వేస్తే అది ఒంటరిగానైనా జవాబు చెబుతుంది. లెనార్మాండ్‌లో ఒక్క కార్డు ఒక్క మాట మాత్రమే. "చేపలు" అంటే డబ్బు, వ్యాపారం, పారుతూ ఉండేది, అంతే. మీ "డబ్బు, ఇప్పుడు" గడిలో చేపలు పడితే డబ్బు గడిలో డబ్బు ఉంది అని చదువుకోవాలి. పక్కన ఇంకో కార్డు వచ్చాకే అది వాక్యం అవుతుంది: చేపల తరవాత ఎలుకలు వస్తే డబ్బు కొంచెం కొంచెంగా కరిగిపోతోందని, అదే ఎలుకలు ముందొచ్చి చేపలు తరవాత వస్తే టెన్షన్, డబ్బు తాలూకు టెన్షన్ అని. మొదటిది విషయం, రెండోది దాని రంగు. వరస మారితే అర్థం మారిపోతుంది.

కాబట్టి లెనార్మాండ్‌కి స్ప్రెడ్ తయారు చెయ్యడం అంటే ఏ కార్డుకి ఏ కార్డు పక్కన పడేలా పరుస్తున్నాం అన్నదే అసలు పని, గడికి పేర్లు పెట్టడం కాదు. అసలు ఆ కట్ట పుట్టుకే పరుచుకునే ఆటగా. నురెంబర్గ్‌కి చెందిన యోహాన్ కాస్పర్ హెష్టెల్ అనే ఆయన 1799 ప్రాంతంలో తయారు చేసిన ఆశ ఆట అనే పందెపు ఆట ఇది, 36 కార్డుల్ని ఆరు వరసల్లో ఆరేసి చొప్పున పరిచి పాచికలు వేసుకుంటూ నడవడమే, 35వ గడి లంగరు, అక్కడికి చేరినవాడు గెలిచినట్టు. (నా పేరు అక్కడిదే.) మేరీ ఆన్ లెనార్మాండ్ అనే ఫ్రెంచ్ జోస్యురాలికీ ఈ కట్ట తయారీకీ సంబంధం లేదు, ఆవిడ 1843లో చనిపోయాక ఆవిడ పేరుకున్న గిరాకీని వాడుకుని కట్టలకి ఆ పేరు తగిలించారు.

కొత్తగా_వచ్చా:
నాకో చిన్న డౌట్ అండి. అయితే లెనార్మాండ్‌లో జీవితం మొత్తం చూడాలంటే ఏం వెయ్యాలి? గ్రాండ్ టాబ్లో అని విన్నాను, 36కి 36 కార్డులూ పరిచేస్తారట. అన్నీ పరిస్తే శవపేటికా వస్తుంది, కొడవలీ వస్తుంది, శిలువా వస్తుంది కదా, భయమెయ్యదా?

లెక్కలమనిషి:
అన్నీ పరిచినప్పుడు శవపేటిక రావడం వార్తే కాదు. రాకపోతే కట్టలో కార్డు పోయిందని అర్థం.

కాస్త లెక్క చెబుతాను, ఎందుకంటే స్ప్రెడ్ ఎంత పెద్దది అన్నది ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. టారోలో టవర్, డెత్, డెవిల్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, ఈ ఐదింటినీ జనం భయపడే కార్డులు అనుకుందాం. 78లోంచి మూడు కార్డులు తీస్తే వీటిల్లో కనీసం ఒకటి పడే అవకాశం 18 శాతం. పది తీస్తే 51 శాతం. రాణిగారి 21 తీస్తే 80 శాతం. అంటే ఆ స్ప్రెడ్‌లో ఏదో ఒక గడిలో గుండె గుభేల్‌మనే కార్డు పడటం మామూలు విషయం, పడకపోతేనే ఆలోచించాలి. మేజర్ కార్డులు (78లో ప్రధానమైన 22) సగటున ఆరు దాకా వస్తాయి, కాబట్టి "ఇన్ని మేజర్లు పడ్డాయి, ఇది విధి" అనడానికీ లేదు.

లెనార్మాండ్‌లో అదే 21 గడులు వేస్తే మీరు ఏ ఒక్క కార్డు తలచుకున్నా అది పడే అవకాశం 58 శాతం. సగం కంటే ఎక్కువ. చిన్న స్ప్రెడ్‌లో ఏ కార్డు వచ్చిందన్నది సమాచారం, పెద్ద స్ప్రెడ్‌లో అది ఎక్కడ వచ్చిందన్నదే సమాచారం. 21 ఈ రెంటికీ మధ్యలో వేలాడుతోంది, అందుకే ఏ రకంగానూ చదవబుద్ధి కాదు.

కప్పులరాణి:
లెక్క నచ్చింది. 80 శాతం అని తెలిసుంటే మొన్న ఒకావిడ ప్రేమ గడిలో త్రీ ఆఫ్ స్వోర్డ్స్ చూసి మొహం వాడ్చుకున్నప్పుడు వెంటనే చెప్పేదాన్ని. కానీ పాతకట్టగారూ, శీర్షికలు వద్దంటే ఎలా? వచ్చినవాళ్ళు అడిగేది అవే. "నా పెళ్ళి సంగతేంటి, నా ఉద్యోగం సంగతేంటి" అనే అడుగుతారు. "మీరు ఇంట్లో నేర్చుకున్నదేమిటి" అని నేను మొదలుపెడితే, నేను దానికి రాలేదండీ అంటారు.

పాతకట్ట:
ఉద్యోగం సంగతి అడిగితే ఉద్యోగానికి మూడు కార్డులు వెయ్యండి, తప్పేముంది. జీవితం మొత్తం చూపిస్తానని కూర్చోబెట్టి ఏడు చిన్న రీడింగులు వరసగా కుట్టి ఇవ్వడం దేనికి? అన్ని విషయాలూ ఉన్నంత మాత్రాన అది జీవితం అయిపోదు. జీవితం అంటే ఆ విషయాలు ఒకదాన్ని ఒకటి ఎలా లాగుతున్నాయి అన్నది. మీ గడుల్లో పని నిలువు వరసకీ ఇంటి నిలువు వరసకీ మాటల్లేవు. పక్కపక్కన ఉన్నాయి అంతే.

మూడోకార్డు:
ఇక్కడ ఒక దిద్దుబాటు, ఒక మద్దతు.

దిద్దుబాటు లంగరుగారికి. టారోకి స్థానాలే ప్రాణం, పక్క కార్డు లెనార్మాండ్‌కే అన్నట్టు చెప్పారు. పూర్తిగా నిజం కాదు. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య మంత్రవిద్యా సంఘం వాళ్ళ పద్ధతిలో 78 కార్డుల కట్టని నాలుగు కుప్పలుగా కోసి, అడిగేవాళ్ళ కార్డు ఏ కుప్పలో ఉందో వెతికి, అక్కడినుంచి కార్డు విలువ ప్రకారం లెక్కపెట్టుకుంటూ దూకుతారు, ఆ తరవాత రెండు కొసలనుంచి జంటలు కలుపుతూ మధ్యకి వస్తారు. ఇలా ఐదు విడతలు. కార్డుకి విడిగా పేరున్న స్థానం అంటూ ఉండదు. పక్కన ఏ తత్త్వం కార్డు ఉందన్నదాన్ని బట్టి బలం పెరుగుతుంది, తగ్గుతుంది: నిప్పుకి నీరు పడదు, గాలికి భూమి పడదు. అది చెయ్యడానికి ఓపిక కావాలి, ఈ రోజుల్లో చేసేవాళ్ళు తక్కువ, అది వేరే సంగతి.

మద్దతు పాతకట్టగారికి. కెల్టిక్ క్రాస్ అనే పది కార్డుల టారో స్ప్రెడ్ ఎందుకు ఇంకా బతికుంది అని ఎప్పుడైనా ఆలోచించారా? ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ 1910లో దాన్ని అచ్చువేశాడు, పేరులో ప్రాచీనం అని తగిలించాడు, ఆ ప్రాచీనతకి ఆధారం మాత్రం చూపించలేదు. ఆ పది స్థానాల్లో "ఆశలూ భయాలూ" అనే తొమ్మిదోది పాతకట్టగారి పరీక్షలో మొదటి నిమిషంలోనే ఫెయిలవుతుంది, ఎందుకంటే వచ్చిన కార్డు ఆశో భయమో చదివేవాడి ఇష్టం. అయినా స్ప్రెడ్ నిలబడింది. ఎందుకంటే దాంట్లో జంటలున్నాయి. మొదటి కార్డు మీద రెండోది అడ్డంగా పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి, అంటే తలలో ఉన్నదీ కాళ్ళ కింద ఉన్నదీ. వెనక ఒకటి, ముందు ఒకటి. ఏ కార్డు చదివినా కన్ను దాని ఎదుటి కార్డు మీదకి పోతుంది. రాణిగారి వరసల్లో కన్ను ఎడమనుంచి కుడికి పోవడం తప్ప ఇంకోలా కదలదు.

ఇంకో చిన్న విషయం, ఇది నాకు చాలా ఇష్టం. వెయిట్ పద్ధతిలో వెనక, ముందు అనేవి ఎడమ, కుడి అని ఖాయంగా ఉండవు. అడిగేవాళ్ళకి గుర్తుగా పెట్టిన కార్డులో మనిషి ఎటు చూస్తున్నాడో అటు ముందు, వీపు పెట్టినవైపు వెనక. ఆ కార్డులో మనిషి ఎటూ చూడకపోతే, మొదలుపెట్టకముందే ఎటు అన్నది నిర్ణయించుకోమంటాడు.

లంగరు35:
మూడోకార్డుగారూ, గోల్డెన్ డాన్ సంగతి ఒప్పుకుంటాను. ఎటు చూస్తే అటు ముందు అనేది లెనార్మాండ్‌లోనూ ఉంది, అక్కడ అడిగేవాళ్ళకి గుర్తు 28 పురుషుడు లేదా 29 స్త్రీ, ఆ బొమ్మలు కట్టనిబట్టి ఒక్కోటి ఒక్కోవైపు చూస్తుంటాయి. కొందరు చూపుని పట్టించుకోకుండా ఎడమ గతం, కుడి రాబోయేది అని ఖాయం చేసుకుంటారు. ఏదైనా పర్వాలేదు, కార్డులు కలపకముందే అనుకోవాలి.

కొత్తగా_వచ్చాగారు అడిగారు కాబట్టి గ్రాండ్ టాబ్లోలో ఒక ముక్క చూపిస్తాను, ఒకరికి వేసినది, ఆవిడ ఒప్పుకున్నారు, వివరాలు మార్చాను. వరసకి తొమ్మిది చొప్పున నాలుగు వరసలు. చాలాకాలంగా ఒకేచోట పనిచేస్తున్న మనిషి, "నా జీవితం ఎటు పోతోంది" అని అడిగారు. స్త్రీ కార్డు రెండో వరసలో ఆరో గడిలో పడింది. అంటే మొదటినుంచి లెక్కపెడితే 15వ గడి. గ్రాండ్ టాబ్లోలో ప్రతి గడీ ఆ నంబరు కార్డుకి సొంత ఇల్లు, 15 అంటే ఎలుగుబంటి ఇల్లు: అధికారం, పైవాళ్ళు, దగ్గరున్న డబ్బు. ఆవిడ ఎవరో పెద్దవాళ్ళ పంచన నిలబడి ఉన్నారు అని అక్కడే తెలుస్తోంది.

ఆవిడ ఎడమన వరసగా ఓడ, ఎలుకలు. కుడిన టవర్, ఉత్తరం. పైన పుస్తకం. కింద కుక్క. ఎడమవైపు గతం అనుకుంటే, ఎక్కడికో వెళ్ళాలని ఉండి, ఆ కోరిక కొంచెం కొంచెంగా కొరుక్కుపోయింది, ఓడని ఎలుకలు తినేశాయి. తలమీద పుస్తకం, అంటే ఎవరికీ చెప్పనిది, లేదా చదువుకోవాలనుకున్నది. ఇప్పుడు కుడివైపు చూడండి. టవర్ తరవాత ఉత్తరం, ఒక సంస్థ, దాని తాలూకు కాగితం. కాళ్ళ కింద కుక్క, అంటే నిలబడ్డానికి ఒక స్నేహితుడి ఆసరా ఉంది. నేను "ఏదో సంస్థకి రాసిన కాగితం ఉందా" అని అడిగితే ఆవిడ నవ్వి, దరఖాస్తు నింపి పంపకుండా దాచుకున్నాను, ఇంట్లో ఎవరికీ తెలీదు, ఒక్క ఫ్రెండ్‌కి తప్ప అన్నారు. మిగతా 29 కార్డులూ చూడకముందే సగం రీడింగ్ అయిపోయింది.

తరవాత చదరంగంలో గుర్రం ఎత్తులు వేశాను. 15వ గడినుంచి గుర్రం 4, 8, 22, 26, 32, 34 గడులకి పోగలదు. ఆ ఆరు కార్డులు పక్కనే లేకపోయినా ఆవిడ మీద దొంగచాటుగా పనిచేస్తున్నవి అన్నట్టు చదువుతాం. ఇదంతా "ప్రేమ", "డబ్బు" అని ఒక్క గడికీ పేరు పెట్టకుండానే జరిగింది. డబ్బు సంగతి కావాలంటే చేపలు ఎక్కడున్నాయో వెతుక్కుంటాం, ఆవిడకి దగ్గరగా ఉన్నాయా దూరంగా ఉన్నాయా, చుట్టూ ఎవరున్నారు అని. విషయాన్ని కార్డే మోసుకొస్తుంది, గడి మొయ్యక్కర్లేదు.

మబ్బులపక్క:
ఒక్కమాట, రెండు కట్టలూ కలిపి వాడేవాళ్ళ కోసం. ఈ టవర్‌ని టారో టవర్‌లా చదవకండి. టారోలో అది పిడుగుపడి కూలిపోవడం. లెనార్మాండ్‌లో అది నిటారుగా నిలబడే ఉంది: సంస్థ, ప్రభుత్వం, ఒంటరితనం, హద్దు. చంద్రుడు కూడా అంతే. టారోలో మసక, భ్రమ. లెనార్మాండ్‌లో పేరు, గుర్తింపు. పేరొకటే, మనుషులు వేరు. ఒకే బల్ల మీద రెండూ పెట్టినప్పుడు తెలీకుండానే అర్థాలు ఇటువి అటు దొర్లుతాయి.

లెక్కలమనిషి:
గ్రాండ్ టాబ్లో వేసేవాళ్ళకి రెండు సంగతులు. ఒకటి, 9×4గా పరిచినప్పుడు స్త్రీ కార్డు ఎడమ కొస నిలువు వరసలో పడే అవకాశం తొమ్మిదింట్లో ఒకటి. అప్పుడు ఎడమన ఏమీ ఉండదు. "మీకు గతం లేదు" అంటారా? జీవితం మొత్తం చూపిస్తానన్న స్ప్రెడ్‌లో తొమ్మిదిమందిలో ఒకరికి గతమే కనబడకపోతే అది డిజైన్‌లో ఉన్న బొక్క, కార్డుల సందేశం కాదు. రెండు, ఏదైనా కార్డు తన సొంత ఇంట్లో తనే పడితే దానికి రెట్టింపు బలం అంటుంటారు. 36 కార్డులు బాగా కలిపి పరిస్తే సగటున ఒకటి సొంత ఇంట్లో పడుతుంది. ఒక్కటీ పడకపోవడం 37 శాతమే. కాబట్టి పడినప్పుడు చూసుకోండి, కానీ అబ్బా అనకండి.

లంగరు35:
కొసలో పడితే కొందరు వరసని గుండ్రంగా చుట్టి ఆ కొసనుంచి చదువుతారు. నేనలా చెయ్యను. గతం అయిపోయింది, అడిగినవాళ్ళు పేజీ తిప్పేశారు అని చదువుతాను, చాలామంది అవును అనే అంటారు. మీరు బొక్క అన్నారు, నేను జవాబు అంటున్నాను, దీనిమీద మనకి రాజీ కుదరదులెండి.

లెక్కలమనిషి:
"మీరు పేజీ తిప్పేశారు" అంటే ఎవరైనా అవుననే అంటారు.

మూడోకార్డు:
😄 ఇక్కడితో ఆపండి ఇద్దరూ. కొస గొడవ వద్దనుకుంటే అడిగేవాళ్ళ కార్డుని ముందే మధ్యలో పెట్టేసి చుట్టూ ఎనిమిది వెయ్యొచ్చు, మూడేసి చొప్పున మూడు వరసలు. అడ్డంగా మూడు వాక్యాలు, నిలువుగా మూడు, మూలనుంచి మూలకి రెండు. తొమ్మిది కార్డుల్లో ఎనిమిది వాక్యాలు దొరుకుతాయి. జీవితం మొత్తానికి చాలదు గానీ, ఎప్పుడూ పనిచేస్తుంది.

మబ్బులపక్క:
రాణిగారి గడుల్లో నాకు అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నది ఇంకా ఎవరూ ఎత్తలేదు. "ఆరోగ్యం, రాబోయేది" అని ఒక గడి ఉంది. ఆ గడి ఉందంటే దానికి జవాబు చెప్పి తీరాలి. అక్కడ టెన్ ఆఫ్ స్వోర్డ్స్ పడితే ఏం చేస్తారు? మెత్తగా చెప్పినా ఆ మనిషి ఇంటికెళ్ళి దాన్నే తలచుకుంటూ కూర్చుంటుంది. మనం డాక్టర్లం కాదు. గడే తీసెయ్యండి. అడిగితే డాక్టర్ దగ్గరకి వెళ్ళమనండి, కార్డులు వెయ్యకండి.

ఇంకోటి, వరసల విభజన. పాతికేళ్ళవాళ్ళకీ అరవై ఏళ్ళవాళ్ళకీ "గడిచిపోయినది" ఏడే గడులా? ఒకరికి బడి మానేసిన రోజు జీవితాన్ని రెండు ముక్కలు చేసుంటుంది, ఇంకొకరికి పదేళ్ళ సంసారం ఒక్క గీతలో అయిపోతుంది. మనకి అందరి జీవితానికీ సరిపోయే కాలపట్టిక ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ళనే అడగండి. "మీ జీవితంలో ఇది జరగకముందు వేరే, జరిగాక వేరే అనిపించేవి రెండు చెప్పండి" అని. ఆ రెండు మలుపులకే స్థానాలు పెట్టండి. కార్డులు కలపకముందే వాళ్ళచేత కాగితం మీద రాయించండి, ఆ తరవాత ఏ కార్డు వచ్చినా పేరు మార్చకూడదు. స్థానం పేరు వాళ్ళదైతే ఫోన్ ఎవరూ తియ్యరు.

కొత్తగా_వచ్చా:
ఇది బాగుంది. మరి వాళ్ళు మలుపు చెప్పడానికి ఇష్టపడకపోతే?

మబ్బులపక్క:
చెప్పక్కర్లేదు. కాగితం మీద రాసి మడిచి దగ్గర పెట్టుకోమనండి. మొదటి మలుపు, రెండో మలుపు అని మీకు తెలిస్తే చాలు. కొన్నిసార్లు అలాగే బాగా నడుస్తుంది, ఎందుకంటే మనం ఊహించి అతికించడానికి ఏమీ ఉండదు.

కప్పులరాణి:
నిన్నటినుంచి దీనిమీదే కూర్చున్నాను. 21 గడులు తీసిపారేశాను. కొత్తది ఇది, టారోకి మాత్రమే, తొమ్మిది కార్డులు.

ముందు అడ్డంగా ఒక కార్డు, బల్ల మధ్యలో: అన్ని మలుపుల్లోనూ మారకుండా మీతో వస్తున్నది ఏమిటి. దాని పైన మూడు, కింద మూడు. జంటలుగా చూడాలి. ఎడమ జంట మొదటి మలుపు, మధ్య జంట రెండో మలుపు, కుడి జంట ఇప్పుడు ఎదురుగా ఉన్న మలుపు. ప్రతి జంటలో పైది ఆ మలుపులోకి మీరు ఏం మోసుకెళ్ళారు, కిందది అక్కడ ఏం వదిలేశారు. చివరిగా కుడివైపు విడిగా రెండు: మీ చేతుల్లో ఉన్నదే అయినా మీరు ఒప్పుకోని ఎంపిక ఏమిటి, ఈ నెలలో మొదట చెయ్యగలిగింది ఏమిటి.

పై వరస మూడూ కలిపి చదివితే మోసినవన్నీ కనబడతాయి, కింది వరస వదిలినవన్నీ. మొదటి మలుపులో వదిలేసింది రెండోదాంట్లో మళ్ళీ మోసుకొచ్చారా అన్నది ఏటవాలుగా చూస్తే తెలుస్తుంది. కన్ను అన్నివైపులకీ కదులుతోంది కదా మూడోకార్డుగారూ? ఆరోగ్యం లేదు, డబ్బు లేదు, ప్రేమ లేదు, కావలసినవాళ్ళకి అవే వచ్చేస్తాయి.

లెనార్మాండ్ విడిగా, గ్రాండ్ టాబ్లోనే, అడిగేవాళ్ళ కార్డు ఉన్న అడ్డ వరస, నిలువు వరస, నాలుగు మూలలు మాత్రం చూస్తాను. ఒక్కో టారో జంట కింద మూడు లెనార్మాండ్ కార్డుల పట్టీ కూడా వెయ్యాలని ఉంది, జంట ఎందుకు అన్నది చెబితే పట్టీ ఏం జరిగింది అన్నది చెబుతుందని. దాన్నేమంటారు?

లెక్కలమనిషి:
పట్టీలు మూడు వేస్తే తొమ్మిది కార్డులు. మొదటి పట్టీలో ఉంగరం వాడేశాక రెండో పట్టీలో ఉంగరం రావడానికి లేదు. రెండు మలుపులూ పెళ్ళికి సంబంధించినవే అయితే రెండోదాంట్లో ఆ మాట కార్డుల దగ్గర ఉండదు. ఒక పట్టీ చదివాక ఆ మూడూ కట్టలో కలిపేసి మళ్ళీ షఫుల్ చేసి తీస్తే ఈ సమస్య ఉండదు, చదివింది రాసుకుంటే సరి.

లంగరు35:
బల్ల మీద పట్టీ లేకుండా ఎలాగండీ, మూడు పట్టీలూ పక్కపక్కన చూసుకోవద్దా? ఫోటో తీసుకుని కలిపెయ్యండి. నా ఉద్దేశం అడిగితే అసలు పట్టీలే వద్దు. గ్రాండ్ టాబ్లో వేశాక ఇవి ఎందుకు? రెండు కట్టలూ ఒకేసారి మాట్లాడితే ఎదుటివాళ్ళు దేనికి జవాబివ్వాలో తేల్చుకోలేరు. టారో ఒకరోజు, లెనార్మాండ్ ఇంకోరోజు.

పాతకట్ట:
రాణిగారూ, ఐదు కార్డుల పరీక్ష పెట్టి చూశాను. "మారకుండా మీతో వస్తున్నది" టవర్‌తో కూడా నిలబడింది, ప్రతిసారీ కూల్చుకుని బయటపడటమే ఈ మనిషి పద్ధతి అని చదవొచ్చు. "మోసుకెళ్ళింది" అన్నచోట పేజ్ ఆఫ్ పెంటకిల్స్ హాయిగా ఉంది. "ఒప్పుకోని ఎంపిక" అన్నదానికి హెర్మిట్ వస్తే ఒంటరిగా ఉండటం నేను కోరుకున్నదే అని ఒప్పుకోకపోవడం, బ్రహ్మాండంగా ఉంది.

ఒక్కచోట తేడా కొట్టింది. కుడి జంట, ఎదురుగా ఉన్న మలుపు, కింది కార్డు: అక్కడ ఏం వదిలేశారు. ఇంకా జరగలేదు కదా. అక్కడ సన్ పెట్టాను. "మీరు సంతోషాన్ని వదిలేస్తారు" అని చెప్పి పంపిస్తామా? జోస్యం అయిపోయింది అది, పైగా చేదు జోస్యం. ఆ ఒక్కదాన్నీ "ఈ మలుపు దాటాలంటే మీరు వదలడానికి సిద్ధంగా లేనిది ఏమిటి" అని మార్చండి. ఇప్పుడు సన్ అంటే అందరి మెప్పూ ఉన్న చోటు వదలబుద్ధి కావడం లేదు అని. టెన్ ఆఫ్ స్వోర్డ్స్ అంటే నాకు జరిగిన అన్యాయాన్ని పట్టుకుని వేలాడటం. రెండూ మాట్లాడుకోదగ్గవే.

మూడోకార్డు:
కదులుతోంది, కన్ను బాగానే కదులుతోంది. ఒక్కటి, మధ్య కార్డు అడ్డంగా పెడుతున్నారు కదా, రివర్స్ కార్డులు (తలకిందులుగా పడితే అర్థం మార్చి చదవడం) వాడతారా? అడ్డంగా పడినదాన్ని ఎటు తిప్పితే నిటారు, ఎటు తిప్పితే తలకిందులు? కెల్టిక్ క్రాస్ రెండో కార్డుతోనూ ఇదే తలనొప్పి, చాలామంది దాన్ని ఎప్పుడూ నిటారుగానే చదువుతారు.

కప్పులరాణి:
రివర్స్ వాడతాను, కానీ మధ్య కార్డుకి వాడను, ఎప్పుడూ నిటారే. మారనిది అన్నాక దానికి తలకిందులు ఏమిటి. పాతకట్టగారు చెప్పిన ప్రశ్న అలాగే దించేసుకున్నాను. పట్టీలు తీసేశాను, లంగరుగారు గెలిచారు. గ్రాండ్ టాబ్లో రెండో రోజుకి.

కొత్తగా_వచ్చా:
దీన్ని నాకు నేను వేసుకోవచ్చా అండి, లేక ఎదురుగా ఎవరైనా ఉండాల్సిందేనా?

పాతకట్ట:
వేసుకోవచ్చు. మలుపులు రాసిన కాగితం మాత్రం కార్డులు తిప్పకముందు పక్కన పెట్టెయ్యండి, చూసుకుంటూ చదవకండి. "ఒప్పుకోని ఎంపిక" కార్డుకి మొదట మీకు తట్టిన అర్థాన్ని నమ్మకండి, దానికి ఇంకో రెండు అర్థాలు రాసుకుని చూడండి.